మధ్యస్థంగా ఉండే అభ్యర్థి ఓట్లు ఎలా కూడగట్టాలి? బైడెన్ 2020 లెక్క మళ్ళీ ఒకసారి చూద్దాం

కోనసీమ_కుర్రాడు:
అందరికీ నమస్కారం. నేనుండేది రాజమండ్రిలో, అమెరికా మొహం కూడా చూళ్ళేదు గానీ అక్కడి ఎలక్షన్లంటే పిచ్చి, రాత్రుళ్ళు మేలుకుని కౌంటింగ్ చూస్తుంటే ఇంట్లో తిడతారు మనకెందుకురా అని. నా డౌట్ ఏంటంటే, 2020లో డెమోక్రాట్ పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎలక్షన్లలో, అంటే ప్రైమరీల్లో, ఫిబ్రవరిలోనే బైడెన్ పని అయిపోయిందని అందరూ రాసేశారు కదా. అయోవాలో నాలుగో ప్లేసు, న్యూ హాంప్‌షైర్‌లో ఐదో ప్లేసు, అదీ 8.4 శాతం, మన దగ్గరైతే డిపాజిట్ గల్లంతు. అక్కణ్ణుంచి సరిగ్గా మూడు వారాలకి మార్చి 3న పద్నాలుగు రాష్ట్రాల్లో పది కొట్టేశాడు. ఇది అదృష్టమా, ప్లానా? అటు లెఫ్ట్ కాక ఇటు రైట్ కాక మధ్యలో ఉండేవాడు గెలవాలంటే ఎవరెవర్ని కలుపుకోవాలి, ముందు ఎవర్ని, తర్వాత ఎవర్ని? 2028కి మళ్ళీ మోడరేట్ కావాలి మోడరేట్ కావాలి అని గోల మొదలైంది కాబట్టి అడుగుతున్నా. పెద్దలు కాస్త ఓపిగ్గా చెప్పండి.

లెక్కల_పంతులు:
మంచి టాపిక్ తమ్ముడూ. ముందు ఒక రూల్ చెప్తా, ఇది తెలీకపోతే మిగతాదంతా గందరగోళమే. డెమోక్రాట్ల ప్రైమరీలో గెలిచినోడికే మొత్తం డెలిగేట్లు (అభ్యర్థిని ఖరారు చేసే ప్రతినిధులు) అన్న పద్ధతి లేదు, 15 శాతం దాటిన ప్రతివాడికీ ఓట్లను బట్టి వాటా వస్తుంది. అంటే ఒక రాష్ట్రంలో రెండు ఓట్లతో గెలిస్తే లాభం సున్నా, 30 పాయింట్ల తేడాతో గెలిస్తేనే గుట్టలుగా వస్తాయి. ఇంకో పక్క 15 దాటనోడి ఓట్లు గాలికి పోతాయి. అందుకే బైడెన్ మనుషులు అయోవా పోయినా, న్యూ హాంప్‌షైర్ పోయినా ఒకటే మాట మీద ఉన్నారు, సౌత్ కరోలినా వచ్చేదాకా ఆగండి అని. న్యూ హాంప్‌షైర్ ఓటింగ్ రోజు రాత్రి ఆయన అక్కడ కూడా లేడు, రిజల్ట్ వచ్చే టైంకి విమానం ఎక్కి సౌత్ కరోలినాలో కొలంబియా చేరిపోయాడు. ఓడిపోయే చోట నిలబడి దిగులు మొహం చూపించడం కంటే అదే నయం.

సౌత్ కరోలినా డెమోక్రాట్ ప్రైమరీలో ఓటేసేవాళ్ళలో సగానికి పైగా నల్లజాతివాళ్ళు. అయోవా, న్యూ హాంప్‌షైర్ రెండూ దాదాపు తెల్లవాళ్ళ రాష్ట్రాలు. మొదటి రెండు పరీక్షలు పార్టీకి అసలు వెన్నెముకైన ఓటరు లేని చోట జరిగాయి, అదీ విషయం. ఫిబ్రవరి 29న 48 శాతం పైన ఓట్లు, లెఫ్ట్ వైపు గట్టి పోటీదారు శాండర్స్‌కి 20 లోపు, ఉన్న 46 కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) 46 ఈయనవే.

న్యూజెర్సీ_నాయుడు:
పంతులు గారు చెప్పింది కరెక్ట్, కానీ క్లైబర్న్ పేరు చెప్పకుండా సౌత్ కరోలినా కథ చెప్తే ఎలాగండీ :)

జిమ్ క్లైబర్న్, ఆ రాష్ట్రంలో నల్లజాతి నాయకుల్లో అందరికంటే పెద్ద తలకాయ, అప్పట్లో హౌస్‌లో (అమెరికా పార్లమెంటు దిగువ సభ) డెమోక్రాట్ల విప్. ఓటింగ్‌కి మూడు రోజుల ముందు, ఫిబ్రవరి 26న మద్దతు ప్రకటించాడు. జో మనకి తెలుసు, అంతకంటే ముఖ్యం, జోకి మనం తెలుసు అన్నాడు. ఎగ్జిట్ పోల్‌లో 47 శాతం మంది ఆయన మాట మా నిర్ణయంలో ముఖ్యమే అని చెప్పారు. అంతకు కొన్ని రోజుల ముందు ఆయన ఒక చర్చిలో అంత్యక్రియలకి వెళ్తే ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ చెయ్యి ఊపి దగ్గరికి పిలిచి, ఎవరికి ఓటేస్తున్నావు, నాకు పైకి చెప్పలేకపోతే చెవిలో చెప్పు అందట. బైడెన్‌కి అని చెవిలో చెప్తే ఆవిడ, అదే నేను వినాలనుకున్నది, కానీ మా అందరికీ కూడా చెప్పు, జనం నీ మాట కోసం చూస్తున్నారు అందట. తర్వాత ఆయనే చాలాసార్లు చెప్పాడు ఇది.

ఇంకోటి, మద్దతు ఊరికే రాలేదు. ముందురోజు చార్ల్‌స్టన్ డిబేట్‌లో విరామంలో క్లైబర్న్ వెనక్కి వెళ్ళి, సుప్రీంకోర్టుకి నల్లజాతి మహిళని వేస్తానని ఈ స్టేజీ మీదే చెప్పాలి అని పట్టుబట్టాడు. బైడెన్ డిబేట్ ఆఖర్న చెప్పేశాడు. 2022లో కెటాంజీ బ్రౌన్ జాక్సన్ వచ్చింది ఆ మాట మీదే. మోడరేట్ అంటే ఎవరికీ ఏ మాటా ఇవ్వకుండా గోడ మీద కూర్చునేవాడు అనుకుంటారు చాలామంది. తప్పు. ఎవరికి ఏ మాట ఇవ్వాలో తెలిసినవాడు.

ఓరుగల్లు_పోరడు:
అన్నలు మంచిగనే జెప్తున్నరు గానీ నాకు ఇందులో ప్లాన్ ఏం కనవడ్తలేదు. బైడెన్ లెక్కనే మధ్యల ఉండే పోటీదార్లల్ల మార్చి 1న బూటిజెజ్ తప్పుకుండు, మార్చి 2న ఎమీ క్లోబుచార్ తప్పుకుంది, అదే రాత్రి ఇద్దరు డల్లాస్‌ల బైడెన్ పక్కన నిలవడ్డరు, అంతకు ముందే పోటీల నుంచి తప్పుకున్న టెక్సస్ నాయకుడు బీటో ఓరూర్క్ గూడ వచ్చిండు. తెల్లారితే ఓటింగ్. పార్టీ పెద్దలందరు కలిసి శాండర్స్‌ను ఆపిండ్రు, గంతే. అభ్యర్థి తెలివి ఏముంది గిండ్ల? లెఫ్ట్ దిక్కు మాత్రం శాండర్స్‌తోని పాటు వారెన్ గూడ పోటీల ఉండె, ఓట్లు చీలె. మీరు దానికి స్ట్రాటజీ అని పేరు వెడ్తున్నరు.

సీమ_సింగం:
ఓరుగల్లు అన్నా నువ్వు నేను రాజకీయంలో ఉత్తర దక్షిణాలు, అయినా ఈ ఒక్క మాటలో నీతో నేను ఉండా. నేను ఫ్రిస్కోలో ఉండేది, ఆ డల్లాస్ మీటింగ్ మా ఊరి పక్కనే అయింది, రెండు రోజుల ముందు వరకు ఆయన్ని పట్టించుకున్నోడే లేడు. తెల్లారితే టెక్సస్ గెలిచినాడు. అది గాలి అప్పా, ప్లాన్ ఏంది.

లెక్కల_పంతులు:
పార్టీ పెద్దలు ఫోన్లు చేశారేమో, చేసుండొచ్చు, రాజకీయం అన్నాక చేస్తారు. కానీ పోరడా, 2016లో రిపబ్లికన్ పెద్దలు ట్రంప్‌ని ఆపుదామని ఎన్ని ఫోన్లు చేసుకున్నారో గుర్తుందా? క్రూజ్ తగ్గడు, రూబియో తగ్గడు, కేసిక్ తగ్గడు, ఎవరికి వాళ్ళే నేనే మిగలాలి అని కూర్చున్నారు, ట్రంప్ మూడో వంతు ఓట్లతో రాష్ట్రం తర్వాత రాష్ట్రం పట్టుకుపోయాడు. తప్పుకోమంటే తప్పుకోవాలంటే తప్పుకునేవాడికి ఒక నమ్మకం ఉండాలి, ఇతను గెలుస్తాడు, గెలిస్తే నన్ను మర్చిపోడు అని. బూటిజెజ్ తర్వాత మంత్రి అయ్యాడు. డల్లాస్‌లో బైడెన్ ఆయన్ని చనిపోయిన తన కొడుకు బో తో పోల్చి మాట్లాడాడు. డిబేట్లలో ఎదుటివాణ్ణి మరీ పచ్చడి చేయకుండా ఉండటం కూడా ప్లానే, రేపు వాడి ఓటరే నీకు కావాలి.

వారెన్ ఓట్లు చీల్చిందన్నావు, కొంత నిజం. కానీ వారెన్ ఓటర్లందరికీ రెండో ఛాయిస్ శాండర్సే అనుకోవడం పొరపాటు. మసాచుసెట్స్ చూడు, బైడెన్ ప్రచారానికి అడుగు కూడా పెట్టలేదు, అయినా గెలిచాడు, సొంత రాష్ట్రంలో వారెన్‌కి మూడో స్థానం. మినెసోటాలో క్లోబుచార్ ముందురోజు తప్పుకుంటే ఆ ఓట్లు గంపగుత్తగా ఇటొచ్చాయి.

మిన్నియాపాలిస్_మూర్తి:
మినెసోటా సంగతి నేను చెప్తా. ఇక్కడ ముందస్తు ఓటింగ్ జనవరిలోనే మొదలైంది, మా ఆఫీసులో చాలామంది క్లోబుచార్‌కి వేసేసి ఉన్నారు, సోమవారం ఆవిడ తప్పుకునేసరికి ఓటు దండగైందని ఒకటే ఏడుపు. ఇంకా వెయ్యని వాళ్ళు మంగళవారం పొద్దున పోలింగ్‌కి వెళ్ళే ముందు కాఫీ మెషీన్ దగ్గర నిలబడి, సరే ఎమీ చెప్పింది కదా జోకి వేద్దాం అనుకున్నారు, దాని మీద పెద్ద చర్చ కూడా జరగలా. 2016లో ఇదే రాష్ట్రం శాండర్స్ చేతిలో హిల్లరీ ఓడిన రాష్ట్రం.

అట్లాంటా_అక్క:
ఆలస్యంగా వచ్చాను, పిల్లల పరీక్షలు. ప్రైమరీ గురించి అందరూ చెప్పేశారు కాబట్టి నేను నవంబర్ గురించి చెప్తాను, ఎందుకంటే జార్జియాలో నేను వాలంటీర్‌గా ఫోన్లు చేశాను, తలుపులు కొట్టాను, నాకు తెలిసింది అదే.

జాన్స్ క్రీక్, ఆల్ఫరెట్టా, కమింగ్ ఈ వైపు మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఫోర్సైత్ కౌంటీ అంటే పక్కా రిపబ్లికన్ కోట, 2016లో హిల్లరీకి పావు వంతు ఓట్లు కూడా రాలేదు, 2020లో బైడెన్‌కి మూడో వంతు దాకా వచ్చాయి. గెలిచాడా? లేదు, చిత్తుగా ఓడాడు అక్కడ. కానీ ఓడిపోయే చోట తక్కువ తేడాతో ఓడటమే అసలు ఆట, ఇది మన టీవీ చర్చల్లో ఎవరూ చెప్పరు. జార్జియా మొత్తం తేడా 11,779 ఓట్లు. అంతే. 1992లో క్లింటన్ తర్వాత ఒక్క డెమోక్రాట్ గెలవని రాష్ట్రం ఇది.

మాకు ఇచ్చిన లిస్టులో పేర్లు చూసి తెలుగు ఇంటిపేర్లు ఏరుకుని నేనూ ఇంకో ఇద్దరు ఫ్రెండ్సూ పంచుకున్నాం. స్క్రిప్టు ఇంగ్లీషులో ఇచ్చారు, రెండు కాల్స్ అయ్యాక అది పక్కన పడేసి తెలుగులోనే మాట్లాడాం. ఒకాయన, గుంటూరు వైపు ఆయన, సిటిజన్‌షిప్ వచ్చి చాలా ఏళ్ళయినా ఒక్కసారీ ఓటెయ్యలేదట. అమ్మా నాకు ట్యాక్స్ పెరక్కూడదు, గొడవలు వద్దు, పిల్లల స్కూలు తెరవాలి, ఈ మూడూ చెప్పు ఎవరు చేస్తారో అన్నారు. మెడికేర్ ఫర్ ఆల్ (అందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా) గురించి గానీ సోషలిజం గురించి గానీ నేను నోరెత్తితే ఫోన్ పెట్టేసేవారే. బైడెన్ మొత్తం మాట ఏంటంటే ఏడాదికి 4 లక్షల డాలర్ల లోపు సంపాదన ఉన్నవాళ్ళకి పన్ను పెంచను అని. అది చెప్పాను, ఆయన గట్టిగా నవ్వి, సరే అయితే నాకు భయం లేదు అన్నారు. వాళ్ళావిడ వెనక నుంచి, ఆ కమలా ఎవరో మన మద్రాసు అమ్మాయట కదా అంది. ఇలా వచ్చాయండీ ఓట్లు, ఒక్కో ఇంట్లో ఒక్కో కారణం.

అన్నట్టు అక్టోబర్‌లో మేకన్‌లో ట్రంప్ సభలో సెనేటర్ పర్డ్యూ కమలా పేరుని కావాలని అడ్డదిడ్డంగా పలికి ఎగతాళి చేశాడు చూడండి, ఆ వారం మాకు వాలంటీర్లు ఎక్కువయ్యారు. జనవరిలో ఆయన సీటు కూడా పోయింది.

కోనసీమ_కుర్రాడు:
అక్కా సూపర్. ఇలాంటివే కావాలి నాకు. అంటే సబర్బ్‌లలో చదువుకున్నవాళ్ళు, నల్లజాతి పెద్దవాళ్ళు, ఈ రెండు గుంపులూ కలిస్తే సరిపోయిందా? మరి ఫ్యాక్టరీ ఊళ్ళ తెల్లవాళ్ళ సంగతేంటి, పెన్సిల్వేనియాలో తను పుట్టిన ఊరు స్క్రాంటన్ స్క్రాంటన్ అని ఊదరగొట్టాడు కదా ఆయన.

లెక్కల_పంతులు:
ఇక్కడే మోడరేట్ అభ్యర్థి అవసరం కనబడేది. 2016లో హిల్లరీ మిషిగన్‌లో 10,704, విస్కాన్సిన్‌లో 22,748, పెన్సిల్వేనియాలో 44,292 ఓట్లతో ఓడింది, మూడూ కలిపి 78 వేల లోపు. వీటిని వెనక్కి తేవడమే 2020 మొత్తం ప్రాజెక్టు. ఫ్యాక్టరీ ఊళ్ళని గెలవక్కర్లేదు, 70-30తో ఓడేచోట 65-35తో ఓడితే చాలు, మిగతాది ఫిలడెల్ఫియా సబర్బ్‌లు చూసుకుంటాయి. పెన్సిల్వేనియాలో ఈరీ, నార్తాంప్టన్ కౌంటీలు వెనక్కొచ్చాయి. అందుకే ఆయన ఫ్రాకింగ్ (భూమి లోపలి రాళ్ళు పగలగొట్టి గ్యాస్ తీయడం) నిషేధించను, నిషేధించను అని ఎక్కడికెళ్ళినా అదే పాట. పోలీసులకి నిధులు ఆపెయ్యాలన్న నినాదం వచ్చినప్పుడు వెంటనే నేను ఒప్పుకోను అన్నాడు, ఆగస్టు ఆఖర్లో పిట్స్‌బర్గ్‌లో నిలబడి నేను రాడికల్ సోషలిస్టులా కనిపిస్తున్నానా అని అడిగాడు.

ఇప్పుడు రెండో పక్క చూడండి. శాండర్స్ ఏప్రిల్ 8న ఆపేశాడు, మర్నాడే బైడెన్ మెడికేర్ (పెద్దవయసువాళ్ళ ప్రభుత్వ ఆరోగ్య బీమా) వయసు 60కి దించుతా అన్నాడు. అంతకు ముందే వారెన్ దివాలా చట్టం ప్లాను తీసుకున్నాడు, ఏడాదికి 1,25,000 డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకి ప్రభుత్వ కాలేజీ ఫీజు ఉండదన్నాడు. ఆ తర్వాత శాండర్స్ మనుషులూ ఈయన మనుషులూ కలిసి కూర్చుని ఆరు కమిటీలు, వాతావరణం దానికి ఈయన వైపు జాన్ కెర్రీ, శాండర్స్ వైపు ఒకాసియో కోర్టెజ్ పక్కపక్కన, ఆరోగ్యం దానికి శాండర్స్ వైపు ప్రమీలా జయపాల్, ఈయన వైపు వివేక్ మూర్తి. జూలైలో నాలుగేళ్ళలో 2 లక్షల కోట్ల డాలర్ల క్లైమేట్ ప్లాన్. మెడికేర్ ఫర్ ఆల్ మాత్రం ఇవ్వలేదు. ఏది ఇస్తే మధ్యలో ఓటరు బెదరడో అది ఇచ్చాడు, బెదిరేది ఇవ్వలేదు.

ఓరుగల్లు_పోరడు:
పంతులు సార్ మీరు ఇచ్చిండు ఇచ్చిండు అంటున్నరు, అది ఇచ్చుడు గాదు, పోరగాళ్ళు రోడ్డు మీదికొచ్చి గుంజుకున్నరు. 2019ల న్యూయార్క్‌ల డబ్బున్నోళ్ళ ముంగట ఏమన్నడు, మీ బతుకుల ఏం పెద్దగ మారదు అన్నడు. గా మనిషి 2020 జూలైల 2 లక్షల కోట్ల ప్లాన్ జెప్తున్నడంటే ఎవలి దెబ్బ? ప్రైమరీల శాండర్స్ ఓడిండు గానీ ఎజెండా సగం ఆయనదే.

ఇంకొకటి. 2020 ఆగస్టుల ప్యూ సర్వే అయింది. బైడెన్‌కు ఎందుకు వేస్తున్నరని అడిగితే 56 శాతం మంది చెప్పిన కారణం ఏందంటే ఆయన ట్రంప్ గాదు గనుక. మోడరేట్ అని ఎవడు ఎగేసుకపోయి ఓటెయ్యలే. అవుతల మనిషి మీద కోపం ఉంటే ఇవుతల ఎవడు నిలవడ్డా గెలుస్తడు.

న్యూజెర్సీ_నాయుడు:
ఎవడు నిలబడ్డా గెలుస్తాడా? అవతలివాడి మీద కోపం 2016లో కూడా ఉంది కదా పోరడా. కోపం ఉన్నవాడు ఇంట్లో కూర్చోవచ్చు, థర్డ్ పార్టీకి వెయ్యొచ్చు. వాడు వచ్చి నీ బటన్ నొక్కాలంటే నువ్వు వాడికి భయం కలిగించకూడదు. మన దగ్గర 2024లో వ్యతిరేక ఓటు చీలనివ్వం అని పవన్ కళ్యాణ్ ఎన్నాళ్ళ నుంచో చెప్పి, సీట్లు తగ్గించుకుని 21 తీసుకుని, కూటమి 164 కొట్టింది. జగన్ పార్టీకి 39 శాతం ఓట్లు వచ్చినా సీట్లు 11. కోపం ఒకటే చాలదు, అది ఒకే పెట్టెలో పడాలి. అక్కడ పార్టీలు కలిశాయి, ఇక్కడ ఒకే పార్టీలో గుంపులు కలవాలి, అంతే తేడా.

సీమ_సింగం:
నాయుడు గారు ఏం మాట్లాడినా మళ్ళా ఆంధ్రాకే తెస్తారు :) ఇది ఇంకో చర్చ అయిపోతాది, వద్దప్పా.

నేను చెప్పేది ఇనండి. ఈ మోడరేట్ కూటమి అని మీరు గొప్పగా చెప్తాండారు, దాని అడుగున ఓటమి అప్పుడే మొదలైంది. మా టెక్సస్ కింద, మెక్సికో బార్డర్ పక్కన స్టార్ కౌంటీ అని ఉంది, దాదాపు అందరూ హిస్పానిక్‌లే. 2016లో హిల్లరీ 79-19తో కొట్టింది. 2020లో బైడెన్ 52-47. మయామీ డేడ్‌లో హిల్లరీ 30 పాయింట్ల దాకా గెలిస్తే బైడెన్ 7 పాయింట్లు. 2024లో స్టార్ కౌంటీ ఏకంగా ట్రంప్ గెలిచినాడు, వందేళ్ళకు పైబడి రిపబ్లికన్ గెలవని చోట. సబర్బ్ డాక్టర్లు, ఇంజనీర్లని పట్టుకోబోయి కూలి చేసుకునేవాళ్ళని వదిలేసినారు. ఇది చూడకుండా రాష్ట్రాల వారీగా లెక్కేసే ఎలక్టోరల్ ఓట్లు 306 వచ్చింది 306 వచ్చింది అంటే ఎట్ల?

లెక్కల_పంతులు:
సింగం చెప్పిన అంకెలు కరెక్టే, నేనూ అదే చెప్పబోతున్నా. 306-232 అంటే భారీగా కనిపిస్తుంది, మొత్తం ఓట్లలో 70 లక్షలు ఎక్కువ. కానీ అరిజోనా 10,457, జార్జియా 11,779, విస్కాన్సిన్ 20,682, ఈ మూడింటినీ కూడితే 43 వేలు కూడా లేవు. ఆ మూడూ అటు పోతే 269-269. పైగా ఈ మూడు రాష్ట్రాల్లోనూ లిబర్టేరియన్ అనే చిన్న పార్టీ అభ్యర్థి జోర్గెన్సెన్‌కి వచ్చిన ఓట్లు ఆ తేడా కంటే ఎక్కువ. 15 కోట్ల మందికి పైగా ఓటేసిన ఎలక్షన్ ఒక చిన్న టౌను జనాభా మీద నిలబడింది. అందుకే ఆ గెలుపు మాదంటే మాది అని ప్రతి గుంపూ అంటుంది, అందరూ కరెక్టే. అరిజోనాలో మారికోపా కౌంటీ 1948లో ట్రూమన్ తర్వాత మొదటిసారి డెమోక్రాట్‌కి పడింది. అక్కడి రిపబ్లికన్ సెనేటర్ మెకెయిన్ భార్య సిండీ మెకెయిన్ మద్దతు ఇచ్చింది కాబట్టి అని రిపబ్లికన్ సానుభూతిపరులు అంటారు, లేదు లాటినో కుర్రాళ్ళు తలుపులు కొట్టారు కాబట్టి అని వాళ్ళంటారు. 10 వేల తేడాలో ఎవరు ఎక్కువ అని కొట్టుకోవడం దండగ, ఒక్కరు లేకపోయినా పోయేది.

పారిస్_పాపారావు:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి, నేను ఫ్రాన్స్‌లో ఉంటాను. మా దగ్గర మధ్యేవాది గెలిచిన పద్ధతి పూర్తిగా వేరు. 2017లో మాక్రాన్‌కి మొదటి రౌండులో 24 శాతమే, నలుగురు 19 నుంచి 24 మధ్యలో ఉన్నారు. రెండో రౌండులో ఎదురుగా తీవ్ర రైట్ అభ్యర్థి లె పెన్ వచ్చింది కాబట్టి 66 శాతం. అంటే అక్కడ ముందు పావు వంతు గట్టి ఓటు చాలు, మిగతాది ఎదుటివాళ్ళ మీద భయమే తెచ్చిపెడుతుంది. కూటమి కట్టక్కర్లేదు. కట్టలేదు కాబట్టే తర్వాత ఆయన తిప్పలు కూడా చూశాం. బైడెన్‌కి ఆ సౌకర్యం లేదు, మొదటి రౌండులోనే అందర్నీ ఒక చోట చేర్చాలి.

కోనసీమ_కుర్రాడు:
భలే, ఇది ఆలోచించలేదు. మరి 2024లో కమల గారు కూడా అదే ప్లానుతో వెళ్ళారు కదా, రిపబ్లికన్ నాయకురాలు లిజ్ చేనీని పక్కన పెట్టుకుని తిరిగారు, ఏమైంది?

ఓరుగల్లు_పోరడు:
ఇగ అడిగినవ్ తమ్మీ అసలు ప్రశ్న. అక్టోబర్ల విస్కాన్సిన్‌ల రిపన్ అనే ఊరికి పోయిన్రు, రిపబ్లికన్ పార్టీ పుట్టిన ఊరని జెప్పుకుంటరు దాన్ని, ఆడ చేనీ బిడ్డతోని సభ. మళ్ళ అదే నెల పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ సబర్బ్‌లల్ల ఇద్దరు కలిసి తిరిగిన్రు. ఇరాక్ యుద్ధం చేసినోని బిడ్డను మిషిగన్ తీస్కపోతే అరబ్బులు ఏమనుకుంటరు? అరబ్బులు ఎక్కువుండే డియర్‌బోర్న్‌ల ట్రంప్‌కే ఎక్కువ వచ్చినయ్, గ్రీన్ పార్టీ జిల్ స్టైన్‌కు గూడ 18 శాతం పడ్డయ్. ఎటైనా పడే ఏడు స్వింగ్ స్టేట్‌లకు ఏడు పోయినయ్. మధ్యలకు పోతే గెలుస్తం అనేటోళ్ళకు ఇది జవాబు.

అట్లాంటా_అక్క:
పోరడు చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటా. 2024లో కూడా నేను అవే ఇళ్ళకి ఫోన్లు చేశాను. అదే గుంటూరు అంకుల్ ఈసారి, గుడ్లు డజను ఎంతయ్యాయో తెలుసా అమ్మా అని మొదలుపెట్టారు. నేను ప్రజాస్వామ్యం గురించి చెప్పబోయాను, ఆయన ఇంటి లోన్ వడ్డీ గురించి చెప్పారు. లిజ్ చేనీ ఎవరో ఆయనకి తెలీదు. మధ్యలో ఉండే ఓటరంటే రెండు పార్టీల మధ్య కూర్చుని ఆలోచించే మేధావి అని టీవీలో కూర్చున్నవాళ్ళు అనుకుంటారు, అలాంటి మనిషి నాకు ఫోన్‌లో ఒక్కరూ తగల్లేదు. మధ్యలో ఉండేవాళ్ళు రాజకీయాలంటే విసుగొచ్చినవాళ్ళు, ఇంట్లో ఖర్చు చూసుకునేవాళ్ళు. వాళ్ళకి 2020లో ట్రంప్ చికాకు, 2024లో ధరలు చికాకు. అధికారంలో ఉన్న పార్టీ మోడరేట్ వేషం వేసినా ధరల మాట ముందు పనిచెయ్యదు.

ఇంకోటి కూడా, వైస్ ప్రెసిడెంట్‌గా ఉషా వాన్స్ గారి భర్త వచ్చాక మనవాళ్ళ గ్రూపుల్లో మాట మారింది, అల్లుడు గారూ అని మొదలుపెట్టారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

సీమ_సింగం:
అల్లుడు గారే మరి, ఉష గారి పూర్వీకులది పశ్చిమ గోదావరి వడ్లూరు :) అక్కా కోపం తెచ్చుకోవద్దు.

న్యూజెర్సీ_నాయుడు:
2020కీ 2024కీ ఒక పెద్ద తేడా ఉంది, ఎవరూ ఎత్తలేదు. బైడెన్ వరసలో వెళ్ళాడు. ముందు పార్టీ అసలు బలం, అంటే దక్షిణాది నల్లజాతి పెద్దవాళ్ళు. వాళ్ళు నిలబడ్డాక పోటీదారులు, వాళ్ళ వెనక సబర్బ్ ఓటర్లు. వర్జీనియా చూడండి, ప్రైమరీలో 2016లో 8 లక్షల లోపు ఓట్లు పడితే 2020లో 13 లక్షలు దాటాయి, మనవాళ్ళుండే ఆష్‌బర్న్, సౌత్ రైడింగ్ సబర్బ్‌ల వైపంతా క్యూలు. అక్కడ పార్టీ రిజిస్ట్రేషన్ లేదు, ఆ ఏడు రిపబ్లికన్ల ప్రైమరీ కూడా లేదు, కాబట్టి అటువాళ్ళు కొందరు ఇటొచ్చి వేశారు. మిషిగన్‌లో 83 కౌంటీలకి 83 ఆయనవే, 2016లో శాండర్స్ గెలిచిన రాష్ట్రం అది. ఆ తర్వాత లెఫ్ట్‌ని లోపలికి తెచ్చుకున్నాడు, ఏప్రిల్ నుంచి జూలై దాకా. అందరికంటే ఆఖర్న, ఆగస్టు కన్వెన్షన్‌లో, రిపబ్లికన్లు కేసిక్ నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి మాట్లాడటం, కోలిన్ పావెల్ మాట్లాడటం. అవతలి పార్టీవాళ్ళు ఆఖరి మెట్టు. సొంత ఇల్లు సర్దుకున్నాకే చుట్టాల్ని పిలిచాడు.

కమల గారికి ఉన్నవి మూడున్నర నెలలు, ప్రైమరీ లేదు, అంటే మొదటి మూడు మెట్లూ ఎక్కే అవకాశమే రాలేదు, నేరుగా ఆఖరి మెట్టు దగ్గరికెళ్ళి చుట్టాల్ని పిలిచారు. ఇంట్లోవాళ్ళు అలిగి ఉన్నారు, డియర్‌బోర్న్‌లో, స్టార్ కౌంటీలో.

ఓరుగల్లు_పోరడు:
ఇది మంచిగ జెప్పినవ్ నాయుడన్నా. గీ వరుస ముచ్చట ముందే జెప్తే నేను గింత కొట్లాడకపోదు. గానీ ఒక్కటి, ఇంటోళ్ళు ఎవలు అనేది ఎవలు తేల్చాలె? మీరు దక్షిణాది పెద్దోళ్ళు అంటరు, నేను ఇరవై అయిదేండ్ల లోపు పోరగాళ్ళు అంట.

లెక్కల_పంతులు:
ఓటేసేవాళ్ళు తేలుస్తారు నాయనా. 2020 ప్రైమరీల్లో కుర్రాళ్ళలో శాండర్స్‌కి తిరుగులేదు, కానీ వాళ్ళు ఆయన అనుకున్నంత మంది క్యూలోకి రాలేదు. 65 దాటినవాళ్ళు వాన పడ్డా వస్తారు. డబ్బుతో కూడా కొనలేవు, ఆ ప్రైమరీల్లో కోటీశ్వరుడు బ్లూంబర్గ్ 50 కోట్ల డాలర్ల పైన పోసి అమెరికన్ సమోవా అనే చిన్న దీవుల ప్రాంతం ఒక్కటి గెలిచి మర్నాడు ఇంటికెళ్ళిపోయాడు.

మిన్నియాపాలిస్_మూర్తి:
అమెరికన్ సమోవాలో ఆ రోజు పోలైనవి నాలుగు వందల లోపే ఓట్లు. ఓటుకి ఎంత పడిందో పంతులు గారు లెక్క కట్టాలి.

లెక్కల_పంతులు:
నా క్యాలిక్యులేటర్‌లో సున్నాలు చాలవు మూర్తి గారూ.

కోనసీమ_కుర్రాడు:
హహ. అయితే 2028లో ఎవరైనా మోడరేట్ ఇదే వరసలో వెళ్ళాలంటే సౌత్ కరోలినా మళ్ళీ ముందే ఉండాలి కదా? 2024కి బైడెనే పట్టుబట్టి దాన్ని మొదటి ప్లేసులో పెట్టించాడని చదివాను.

న్యూజెర్సీ_నాయుడు:
అవును, 2022 డిసెంబర్‌లో పార్టీకి ఉత్తరం రాసి మార్పించాడు, 2024 ఫిబ్రవరి 3న పార్టీ గుర్తించిన మొదటి ప్రైమరీ అక్కడే. 2028 క్యాలెండర్ మీద మాత్రం కొత్తగా కుస్తీ. అయోవావాళ్ళు, న్యూ హాంప్‌షైర్‌వాళ్ళు, నెవాడావాళ్ళు ఎవరికి వాళ్ళే మేం ముందుంటాం అని. ఇది ఏదో తేదీల గొడవ అనుకోవద్దు. మొదటి రాష్ట్రం ఏది అనేదాన్ని బట్టే ఏ అభ్యర్థికి ముందు ఎవరి ఇంటికి వెళ్ళాలో తేలుతుంది. నెవాడా మొదటిదైతే హోటల్ కార్మికుల యూనియన్ గడప తొక్కాలి, సౌత్ కరోలినా అయితే ఆదివారం చర్చికి వెళ్ళాలి, న్యూ హాంప్‌షైర్ అయితే డైనర్లలో కూర్చోవాలి.

అట్లాంటా_అక్క:
జార్జియాని ముందుకి తేవాలని 2024కి ముందు కూడా అడిగారు, తేదీ పెట్టే అధికారం ఇక్కడ రాష్ట్ర సెక్రటరీది, ఆయన రిపబ్లికన్, రెండు పార్టీల ప్రైమరీలూ ఒకే రోజు ఉండాలంటాడు. అందుకని కుదర్లేదు. కుదిరితే మాత్రం తమ్ముడూ, నీకు ఫోన్ చేసి చెప్తాను, రాత్రంతా మేలుకోవచ్చు.

సీమ_సింగం:
ఆ లిస్టులో ఈసారి నా పేరు గూడా తీసుకో అక్కా, ఓటు టెక్సస్‌లో అయినా వాదన పెట్టుకునేదానికి ఒకడు కావాలి కదా.